ఓయిలి అవ్వ ఎవరికీ ఇవ్వని మాట

నురుగు కక్కుకుంటూ లేచిన ఏడో కెరటం పడవను అమాంతం ఎత్తి, ఒడ్డున ఉప్పుమడుల నడుమ కుదేసి వెనక్కి వెళ్లిపోయింది. పడవ రెండు ముక్కలైంది. ఒక ముక్కలోంచి రత్నకూట రాకుమారి మంజువాణి, గుండెకు అదుముకున్న నల్లశంఖంతో సహా, ఉప్పునీళ్లు ఉమ్ముతూ లేచి నిలబడింది. రెండో ముక్కలోంచి ఆస్థాన వ్యాకరణ పండితులు సోమయాజులవారు తాళపత్రాల మూటను నెత్తిన పెట్టుకుని బయటపడ్డారు. పంచె తడిసినా ఫరవాలేదు, పత్రం తడవకూడదన్నది ఆయన సిద్ధాంతం. పిట్టల కొమరడు మాత్రం పడవ పగలకముందే దూకేసి, ఒడ్డున తీరుబడిగా తలపాగా పిండుకుంటున్నాడు.

"పిట్టలు పట్టేవాణ్ని, నాకు గాలి సంగతి తెలవదా. పడవ పగులుద్దని ముందే చెప్పా గదా పంతులుగారూ," అన్నాడు.

"చెప్పావులే. పగులుతుందని చెప్పావు గాని, నేను ఎటువైపు కూర్చోవాలో చెప్పావా?" అన్నారు సోమయాజులు.

మంజువాణి పకపకా నవ్వింది. భుజాలు కదిలాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, కాని ఆ నవ్వుకు చప్పుడు లేదు.

ఎదుట ఝిల్లీ ద్వీపం పొద్దుటి ఎండలో మెరిసిపోతోంది. తీరం పొడవునా గళ్లుగళ్లుగా ఉప్పుమడులు, ఒక గడి గులాబి, ఒక గడి పచ్చ, ఒక గడి అద్దం. వాటి వెనక ఆలుచిప్పలు పరిచిన బాటలు, చిప్పలతోనే కప్పిన గుండ్రటి ఇళ్లు, ఇళ్ల మీద వాలిన పొడుగుకాళ్ల ఎర్రకొంగలు. ఇంకా పైన నీలంరాతి కొండ, దాని నెత్తిన పేరు తెలియని పసుపుపూల తీగ. ఇంత అందం మీద దీవి అంతటా ఒక ధ్వని తేలుతోంది. ఈలలు, టక్కుటక్కులు, నిట్టూర్పులు, మధ్యమధ్య గంభీరమైన కంఠాలు. వేయి కీచురాళ్లు సభ తీరినట్టున్న ఆ ధ్వని నిజానికి తెల్లవారి జనం పనుల్లోకి పోతూ చెప్పుకునే కబుర్లు.

ఆరు నెలల కిందట ధూమకంఠుడనే మాంత్రికుడు వైణికుడి వేషంలో రత్నకూటానికి వచ్చి, రాకుమారి చేత పాట పాడించుకున్నాడు. మూడు చరణాలు మంజువాణి పాడింది. నాలుగో చరణం ఆమె నోటి నుంచి కాక వాడి చేతిలోని నల్లశంఖంలోంచి వినిపించింది. వేయి గొంతులు ఒక్క గొంతులో చేరితే లోకం తన మాట జవదాటదని వాడి లెక్క. పోతూ పోతూ వాడు వికటంగా నవ్వి ఇలా అన్నాడు: "నీ గొంతు నువ్వు నోరారా పిలిస్తేనే తిరిగి వస్తుంది రాకుమారీ. పిలవడానికి నీకు గొంతుండదు. కార్తీక పున్నమి చంద్రుడు నీళ్లలోంచి తేలేసరికి అది నాదైపోతుంది."

మూడు రోజుల కిందట కొమరడు వాడి గుహ దగ్గర ఆడ గుడ్లగూబ కూత కూసి, కాపలా గూబలన్నిటినీ అడవి పట్టించి, శంఖాన్ని ఎత్తుకొచ్చాడు. శంఖం దొరికింది గాని సమ్మెటకు పగలలేదు, నిప్పుకు కాలలేదు. అప్పుడు సోమయాజులవారు తమ మూట విప్పారు. ఝిల్లీ భాష అని ఒకటుందట. ఆ భాషలో నిలిచి ఉండే వాటిని గొంతుతో పలుకుతారు, కదిలే వాటిని పెదవులతో ఈలగా పలుకుతారు, లేని వాటిని నాలుకతో టక్కుమనిపిస్తారు, మనిషి లోపలి సంగతులను ఉత్త ఊపిరితో చెబుతారు. రెండైతే రెండుసార్లు, చాలా అయితే మూడుసార్లు అంటారు. అంటే సగం భాషకు గొంతుతో పనే లేదు. ఆ భాషలో "రా" అనే మాట ఒక్కటి దొరికితే రాకుమారి తన గొంతును తానే పిలుచుకోవచ్చు. తీరా ఆ మాట ఉన్న చోట తాళపత్రాన్ని చెదలు తినేసింది. అందుకని ప్రయాణం కట్టారు. దీవి చేరిన ఈ రోజే కార్తీక పున్నమి.

ఉప్పుమడుల గట్ల మీదుగా జనం పరుగున వచ్చారు. ఆడవాళ్ల చేతుల్లో ఉప్పు లాగే పలకలు, మగవాళ్ల భుజాల మీద వలలు. అందరి ముందు ముత్యపుచిప్పల దండ వేసుకున్న బొర్ర మనిషి, మీసాలు చెవుల దాకా. సోమయాజులవారు గొంతు సవరించుకున్నారు. ముప్పై ఏళ్లు చీకటి కొట్లో కూర్చుని చదువుకున్న భాషను మొదటిసారి మనుషుల ముందు పలకబోతున్నారాయన. చేతులు జోడించి, కళ్లు మూసుకుని, "మేము మిత్రులం, మీ దీవికీ మీ తల్లులకూ మా నమస్కారం" అని పదకొండు ఝిల్లీ మాటలు తడుముకోకుండా వల్లించారు. ఈలలు కూడా గొంతుతోనే పలికారు, పత్రంలో అక్షరాలున్నాయి గనక.

కళ్లు తెరిచేసరికి ఆయన చేతులకు వల చుట్టి ఉంది.

"పదకొండు మాటలు," అన్నాడు మీసాల మనిషి, చక్కని రత్నకూటపు భాషలో. "పొద్దున్నే పదకొండు ఇళ్లు దోచావు పెద్దాయనా. ఇంత పెద్ద దొంగతనం మా తాతల నాడు కూడా జరగలేదు."

ఆయన పేరు తుంబో. దీవికి పెద్ద. ముత్యాలు అమ్ముకుంటూ పద్నాలుగేళ్లు రేవులన్నీ తిరిగినవాడు. కొమరడు కాళ్లావేళ్లా పడితే కాస్త చల్లబడి సంగతి చెప్పాడు.

"మా దగ్గర బిడ్డను తొట్లో వేసిన నాడు ఒక మాట ఇస్తామయ్యా. ఇక ఆ మాటకు ఆ బిడ్డే కాపు. మిగతావాళ్లు ఎవరు పలకాలన్నా ఆ ఇంటికి పోయి అడిగి తెచ్చుకోవాల."

"అడిగితే ఇస్తారా?"

"ఎందుకియ్యరు? ఇస్తే తరిగేదా అది? నూరుమందికి ఇచ్చినోడే మాకు పెద్దమనిషి. అడక్కుండా వాడినోడు దొంగ. ఇంకోటి, కాపు దీవి దాటిపోతే ఆ మాట కూడా వాడితోనే పోతుంది. తిరిగొచ్చి ఒడ్డున కాలు పెట్టగానే ముందు తన మాట తాను పలకాల. అప్పుడే మళ్లీ అది అందరిదీ అవుతుంది. నా మాట 'ఉప్పు'. నేను రేవులకు పోయినప్పుడల్లా మావాళ్లు చుట్టూ ఉప్పే పెట్టుకుని 'తెల్లది, తెల్లది' అంటూ అవస్థ పడేవాళ్లు."

మాటల దొంగకు అక్కడ ఒకటే శిక్ష. నిమ్మకాయంత పనసజిగురు నోట్లో పెడతారు. సాయంత్రం దాకా పళ్లు విడిరావు. ఆ విధంగా సోమయాజులవారు పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి ఒక పూట మాట్లాడకుండా గడిపారు. కొమరడికి జాలి వేసిన మాట నిజమే గాని, దాన్ని మించి హాయిగా కూడా ఉంది.

మంజువాణి శంఖాన్ని చెంగున కట్టుకుని, తుంబోకు దణ్ణం పెట్టి, తన గొంతు చూపించి చెయ్యి ఆడించింది. కొమరడు కథంతా చెప్పాడు. తుంబో మీసం దువ్వుకున్నాడు.

"'రా' కావాలా మీకు? దాని కాపు సంగతి తర్వాత చెబుతా. మాట లేని వాళ్లతో ఆమె అసలు మాట్లాడదు. ముందు నాలుగు మాటలు సంపాదించుకోండి," అన్నాడు.

మొదటి ఇల్లు ఒక చేపలవాడిది. అతను "పిట్ట" అనే మాటకు కాపు. మంజువాణి గడప ముందు చెయ్యి చాపింది. అతను ఆమె గడ్డం కింద అరచెయ్యి ఆనించి, పెదవులు సున్నా చుట్టి, కిందనుంచి పైకి లేచి చటుక్కున తెగిపోయే ఈల మూడుసార్లు వేశాడు. ఇక ఆమె వంతు. రత్నకూటపు అంతఃపురంలో ఆడపిల్ల ఈల వేస్తే పెద్దదాదులు నోట్లో మిరియం పెట్టేవాళ్లు. పడవలో వస్తూ కొమరడు నేర్పిన విద్యే ఆమెకు దిక్కు. మొదటిసారి ఉత్త గాలి వచ్చింది. రెండోసారి ఉమ్మి వచ్చింది. మూడోసారి సన్నగా, తిన్నగా ఈల లేచి తెగింది. చూరు మీది కొంగ తల తిప్పి చూసింది. చేపలవాడు నవ్వి, ఆమె నాలుక మీద ఉప్పుకల్లు ఒకటి పెట్టాడు. మాట చేరినట్టు గుర్తు అది.

మంజువాణి అక్కడే గడప మీద కూలబడింది. ఆరు నెలల తర్వాత ఆమె ఒక మాట అన్నది, ఎదుటి మనిషికి అర్థమైంది. ఆ సంతోషం ఆమెకు పట్టనలవి కాలేదు. కనిపించిన ప్రతి కొంగను, కాకిని, కోడిని చూపించి "పిట్ట, పిట్ట, పిట్ట" అని ఈల వేసింది. మూడుసార్లు అంటే చాలా అని గదా అర్థం, దీవి జనం నిజంగానే ఆకాశంకేసి చూశారు.

"పిల్లకు నోరొచ్చిందిరోయ్," అని కొమరడు తలపాగా ఎగరేశాడు.

ఇక ఇల్లిల్లూ తిరిగారు. "లేదు" అనే మాటకు కాపు ఒక లావుపాటి నవ్వుల మనిషి. ఆయన నాలుకను అంగిటికి కొట్టి టొక్కుమనిపించాడు. ఆయన ఇంట్లో అడిగిన ప్రతిదీ ఉంది. అటుకులు పెట్టాడు, కల్లు పోశాడు, ఎండుచేప కాల్చి పెట్టాడు. "నాలో" అనే మాట ఒక బాలింతరాలి దగ్గర దొరికింది. అది లోపలికి పీల్చే ఒక్క ఊపిరి. పలకడం తేలికే, అయితే అబద్ధం ఆడుతూ పీలిస్తే ఎక్కిళ్లు వస్తాయని ఆమె హెచ్చరించింది. కొండకూ ఇంటికీ అమ్మకూ గొంతు కావాలి గనక వాటి జోలికి మంజువాణి పోలేదు. కొమరడు పోయాడు. పిట్టలన్నిటి కూతలూ ఎరిగిన నోరు అతనిది. సాయంత్రమయ్యేసరికి నలభై మాటలు పోగేసి, దీవి పిల్లలతో వాళ్ల భాషలోనే పోట్లాడుకునేదాకా వచ్చాడు.

తిరుగుతున్న కొద్దీ మంజువాణికి ఒక వింత తెలిసింది. ఆ దీవిలో ఎవరూ ఎవరినీ రమ్మనరు. అన్నానికి పిలవాలంటే "నా పీట ఖాళీగా ఉంది" అంటారు. బిడ్డను దగ్గరికి పిలవాలంటే "నా చేతులకు పని లేదు" అంటారు. ఒక కుర్రది తన మామ వంక చూసి "నా వాకిట్లో ఎండ వృథాగా పోతోంది" అంది. అంతేకాదు, ఏ పనీ వాయిదా వెయ్యరు. కప్పు కారితే అప్పటికప్పుడు ఎక్కుతారు, తగువు వస్తే అప్పటికప్పుడు తీర్చుకుంటారు.

పొద్దు వాలుతుండగా తుంబో ఆ ముడి విప్పాడు.

"'రా' అనే మాటకు కాపు ఓయిలి అవ్వ. 'రేపు' అనే మాటకు కాపు ఆమె కొడుకు కువాలు. పన్నెండేళ్ల కిందట వాడు ముత్యాల వేటకని పడవెక్కాడు. ఎక్కేటప్పుడు, 'అమ్మా, నీ మాట నాకియ్యి' అన్నాడు. 'నువ్వు తిరిగొచ్చాక ఇస్తాలే, అదే నీకు ఆశ' అని ఈమె వేళాకోళమాడింది. వాడు రాలేదు. వాడితో 'రేపు' పోయింది. కన్నకొడుక్కి ఇయ్యని మాట ఇంకొకరి నోట వినలేనని ఈమె అందరి దగ్గరా తన మాట వెనక్కి తీసేసుకుంది. రోజూ అదిగో ఆ రాతి మీద కూర్చుని సముద్రాన్ని తానొక్కతే పిలుస్తుంది."

"మరి మాకిస్తదా?" అన్నాడు కొమరడు.

"నాకే ఇయ్యలేదు. నేను ఆమె తమ్ముణ్ని."

సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లరాతి మీద ఓయిలి అవ్వ కూర్చుని ఉంది. ఎండిన కొబ్బరిచిప్పలా గట్టి మనిషి, తెల్లటి జుట్టు నడుం దాకా. పడమట సూర్యుడు నీళ్లకు మూరెడు ఎత్తున ఉన్నాడు. తూర్పున ఆకాశం అప్పుడే వెలిసిపోతోంది. మంజువాణి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తుంబో ఏదో చెప్పబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. అడగవలసిన వాళ్లే అడగాలి.

మంజువాణి దగ్గర ఉన్నవి మూడే మాటలు. రాజ్యాలు ఇస్తానని చెప్పడానికి వాటిలో వీలు లేదు, మాంత్రికుడి కథ చెప్పడానికి అసలే లేదు. ఆమె ఒకసారి ఊపిరి లోపలికి పీల్చింది. ఈల వేసి, మధ్యలో తెగనిచ్చింది. నాలుక టక్కుమనిపించింది.

నాలో పిట్ట లేదు.

అవ్వ కళ్లు చిట్లించి చూసింది. మంజువాణి గొంతు మీద చెయ్యి వేసి తడిమింది. ఖాళీ ఇంటి తలుపు తట్టి చూసే మనిషిలా తడిమింది. తర్వాత తానూ ఊపిరి పీల్చి, అదే ఈల, అదే టక్కు. ఆమెకూ లోపల పిట్ట లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడ్చారు, ఏడుస్తూనే ఎందుకో నవ్వారు. ఒడ్డున నిలబడ్డ జనం కూడా ముక్కులు తుడుచుకున్నారు. అవ్వ అరచెయ్యి మెల్లగా మంజువాణి గడ్డం కిందికి వచ్చి ఆనింది. పెదవులు కదిలాయి.

అప్పుడే తుంబో పెద్దకేక పెట్టాడు. దక్షిణం నుంచి నల్లతెరచాప పడవ ఒకటి బాణంలా దూసుకొస్తోంది. ముందు భాగాన ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు. విశాలమైన ఛాతీ, చెంప మీద ఆలుచిప్ప కోసిన మచ్చ, ఉంగరాల జుట్టు.

"కువాలు," అన్నాడు తుంబో.

అవ్వ చెయ్యి మంజువాణి గడ్డం కింద నుంచి జారిపోయింది. ఎనభై ఏళ్ల మనిషి రాళ్ల మీద పదేళ్ల పిల్లలా పరిగెత్తింది. జనమంతా వెనకే పరుగు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు డోళ్ల కోసం ఇళ్లకు పరిగెత్తారు. మంజువాణి మాత్రం రాతి మీదే మిగిలింది. తూర్పున నీళ్ల అంచు తెల్లబడుతోంది. చెంగులో శంఖం జ్వరం వచ్చిన ఒళ్లులా వేడెక్కింది. ఇంకో చిటికెలో దక్కవలసిన మాట అది. అవ్వకు కొడుకు వచ్చినందుకు సంతోషపడాలో, తన గతికి ఏడవాలో ఆమెకు తెలియలేదు. అయినా లేచి వాళ్ల వెనకే నడిచింది.

ఆ మనిషి ఇసుక మీద కాలు పెట్టాడు. జనమంతా అతని నోటికేసి చూస్తున్నారు. పన్నెండేళ్లుగా ఎదురుచూసిన మాట అది. అతను వాళ్లందరి మీదుగా మంజువాణి చెంగున ఉన్న మూటను ఒకసారి చూసి, అవ్వ వైపు చేతులు చాచాడు. ఝిల్లీ భాష అతని నోట తేనెలా జాలువారింది, ఈలకు ఈల, టక్కుకు టక్కు, తప్పన్నది లేదు.

"అమ్మా, పరాయివాళ్లకు మాటలివ్వకు. రా, ఇంటికి పోదాం."

డోళ్లు ఆగిపోయాయి. కొమరడికి ముందు ఏమీ అర్థం కాలేదు. పక్కన వల చుట్టిన సోమయాజులవారు మాత్రం కళ్లు పెద్దవి చేసి, నోరు పెగలక, కాలితో ఇసుక మీద గబగబా రాశారు: "దొంగ. నాలాగే."

అవ్వ ఆగిపోయింది. చాచిన చేతుల మధ్యకు ఇంకా రెండే అడుగులున్నాయి. ఆ రెండు అడుగులూ ఆమె వెయ్యలేదు.

"తిరిగొచ్చినోడు ముందు తన మాట పలుకుతాడు. నువ్వు పలకలేదు," అంది. తుంబో ఆమె మాటలను కొమరడికి రత్నకూటపు భాషలో చెబుతున్నాడు. "పలికింది నా మాట. నా కొడుక్కి నేను ఆ మాట ఇయ్యలేదు. వాడు అడిగాడు, నేను ఇయ్యలేదు. నా బిడ్డ అడక్కుండా ముట్టేవాడు కాడు."

మాంత్రికుడికి భాషంతా వచ్చు. ఆ భాష ఎవరి ఇంట ఉంటుందో తెలియదు. చెంప మీది మచ్చ పొగై లేచింది, ఉంగరాల జుట్టు పొగై లేచింది, చూస్తుండగా ధూమకంఠుడు తాటిచెట్టంత పొగస్తంభమై నిలిచాడు. ఒక పొగచెయ్యి చాపి మంజువాణి చెంగు చించి శంఖాన్ని లాక్కున్నాడు. జనం చెల్లాచెదురయ్యారు. కొమరడు విసిరిన పిట్టలవల పొగలోంచి అటు దూరి కిందపడింది. తూర్పున నీళ్లమీద చంద్రుడి అంచు, గోరంత, కనిపించింది.

"పొద్దు గుంకింది రాకుమారీ," అన్నాడు వాడు. "పిలువు మరి, నోరుంటే."

అవ్వ ఏడుస్తూ కూర్చోలేదు. మంజువాణి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. నాలుకతో రెండు టక్కులు, వాటి వెంట మెట్లెక్కినట్టు పైపైకి పోయే ఒక పొడుగాటి ఈల. లేనివాడు, లేనివాడు, కదులు. మూడుసార్లు పలికి, కొంగున కట్టుకున్న ఉప్పుకల్లు విప్పి ఆమె నాలుక మీద పెట్టింది. పన్నెండేళ్లుగా చెమటకూ కన్నీటికీ నాని ఆ కల్లు రాయిలా ఉంది.

మంజువాణి శంఖంకేసి తిరిగి పలికింది. టక్కు, టక్కు, ఈల. పొగచేతిలో శంఖం కంపించింది. ధూమకంఠుడి నవ్వు సగంలో ఆగింది. రెండోసారి పలికింది. శంఖం మీద సన్నని బీట కనిపించింది. చంద్రుడు సగం తేలాడు. వాడు పొగచేతులు రెండూ చేర్చి శంఖాన్ని నొక్కిపట్టాడు. మూడోసారికి ఆమె పెదవులు ఎండిపోయి ఉత్త గాలే వచ్చింది. వెనక నుంచి కొమరడు, "తడుపుకో తల్లీ, పెదాలు తడుపుకో, తొందరేం లేదు," అన్నాడు, తొందర ఎంతున్నదో తెలిసి కూడా. ఆమె పెదవులు తడుపుకుంది. పూర్ణచంద్రుడి కిందిఅంచు నీటిని వదిలేలోగా ఈల లేచి, కొండను తాకి, తిరిగి వచ్చింది.

శంఖం ఫెళ్లున పగిలింది. ఆగిపోయిన నాలుగో చరణం దాంట్లోంచి ఎగిరి వచ్చి మంజువాణి గొంతులో దూరింది. ఆమె నోరు తెరిచి, ఆరు నెలల కిందట తెగిన చోటి నుంచే పాట అందుకుంది. ఏ రాగమని అడిగితే సోమయాజులవారే చెప్పాలి, ఆయనకు అప్పుడే జిగురు ఊడింది, కాని ఆయనా నోరు తెరుచుకుని వింటున్నారు. ఆ పాటకు పొగస్తంభం చీలికలై, పీలికలై, దక్షిణానికి పారిపోయింది.

శంఖంలోంచి ఇంకా గొంతులు వస్తూనే ఉన్నాయి. పసివాళ్లవి, ముసలివాళ్లవి, గాయకులవి, అరిచి అమ్ముకునేవాళ్లవి. ఒక్కొక్కటీ గువ్వలా లేచి, తన మనిషిని వెదుక్కుంటూ ఒక్కో దిక్కుకు పోతోంది.

"బతికి ఉన్నవాడి గొంతే అలా దారి పట్టి పోతుంది. చచ్చినవాడిదైతే ఇక్కడే ఆరిపోతుంది," అన్నారు సోమయాజులు మెల్లగా.

చిట్టచివర ఒక మగగొంతు వచ్చింది. అది అవ్వ తల చుట్టూ ఒకసారి తిరిగి, దీవిలో పన్నెండేళ్లుగా ఎవరూ పలకని మాట ఒకటి పలికింది. రేపు. రేపు. రేపు. అలా అంటూనే నల్లతెరచాప పడవ మీదుగా దక్షిణానికి సాగిపోయింది. ఒడ్డున ఉన్నవాళ్లంతా ఆ మాటను పెదవుల మీద నిలుపుకుని ఒకరినొకరు చూసుకున్నారు. తుంబో ఇసుకలో కూర్చుని, చిన్నపిల్లాడిలా, అదే మాట మళ్లీమళ్లీ అనుకుంటున్నాడు.

"అవ్వా, నీ కొడుకు బతికే ఉన్నాడు," అంది మంజువాణి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

తుంబో కళ్లు తుడుచుకుని లేచాడు. "ఆ గొంతు పోయిన దారే దారి. రాత్రికి పడవ సిద్ధం చేసుకుని..." అంటూ ఒక్క క్షణం ఆగి, కొత్త బట్ట తొడుక్కున్నవాడిలా మురిసిపోతూ, "రేపు బయల్దేరుదాం," అన్నాడు.

అతను ఆ మాట పూర్తి చేసేసరికే ఓయిలి అవ్వ మోకాలిలోతు నీళ్లలో ఉంది. మాంత్రికుడు వదిలిపోయిన పడవ అంచు పట్టుకుని పైకి ఎగబాకుతోంది. మంజువాణి పరిగెత్తి చెయ్యి అందించింది. అవ్వ పడవలో కూర్చుని, తెడ్డు ఒళ్లో పెట్టుకుని, ఒడ్డున నిలబడ్డ తమ్ముణ్ని చూసింది.

"పన్నెండేళ్లు కూర్చున్న చోటు నుంచి 'రా' అన్నాను," అంది. "ఇక చాలు. ఈసారి నేనే పోతాను."

తెడ్డు నీళ్లలో పడింది.